తగవు తీర్చినదెవరు? – ఉషాపరిణయ అవతారికలో చెన్నపట్నం, చోళమండల తీర వర్తకం

వ్యాససంగ్రహం

దామెర్ల అంకభూపాలుని ఉషాపరిణయ ప్రబంధ అవతారికలో చెన్నపట్న నిర్మాణ ప్రస్తావన ఉంది. ప్రళయకావేరికీ మైలాపురానికీ మధ్య సాగుతున్న కలహాన్ని అణచడానికి కవి సోదరుడు అయ్యప్ప తండ్రి పేర ఆ పట్నాన్ని నిలిపాడన్నది దాని సారాంశం. చరిత్రకారులు ఈ ప్రస్తావనను ఆధారంగా స్వీకరించారు గాని, సాహిత్య విమర్శ దాని మాటతీరును అంతగా పట్టించుకోలేదు. ఈ అవతారికను ఆముక్తమాల్యదలోని రేవునీతితోను, 1639 నాటి ఇంగ్లీషు వర్తకుల పత్రాలతోను పోల్చి, 17వ శతాబ్దిలో సముద్ర వర్తకం మార్చివేసిన అధికార సంబంధాలను కావ్యభాష ఎలా కప్పిపుచ్చిందో ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అవతారిక, ఉషాపరిణయం, ఆముక్తమాల్యద, చెన్నపట్నం, ప్రళయకావేరి, దుర్గరాజుపట్నం, నెల్లూరు తీరం.

1. ఉపోద్ఘాతం

మోటుపల్లి నుంచి పులికాట్ వరకు సాగే తీరరేఖ తెలుగువారి సముద్ర వర్తక చరిత్రకు ప్రధాన రంగాలలో ఒకటి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరకును రాజులు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనంలో వర్తకులకు అభయమిచ్చాడు. అదే తీరానికి దక్షిణాన, పాత నెల్లూరు జిల్లాలోని దుర్గరాజుపట్నంలో 1626లో ఇంగ్లీషువారు వర్తకస్థావరం పెట్టారు. వారి పత్రాలలో దాని పేరు ఆర్మగాన్. ఇంకా దక్షిణాన ఉన్న పులికాట్‌లో డచ్చివారు 1610 నాటికే కుదురుకున్నారు.

ఈ రేవుల నడుమ, పెన్న సముద్రంలో కలిసే చోటికి చేరువలో విడవలూరు ఉంది. సముద్ర వర్తక చరిత్రలో రేవుల పేర్లు నిలిచినంతగా ఇటువంటి ఊళ్ల పేర్లు నిలవలేదు. రేవు బతకడానికి ధాన్యం, నూలు, ఉప్పు, మనుషుల శ్రమ వెనుకనున్న ఊళ్ల నుంచే రావాలి. కావ్యమైనా కంపెనీ పత్రమైనా రేవు వైపే చూస్తుంది. కనుక ఈ తీరానికి సంబంధించిన ఏ పాఠాన్ని చదివినా అది ఏమి చెప్పిందన్నదానితో పాటు ఎక్కడ నిలబడి చెప్పిందన్నది కూడా అడగవలసి ఉంది.

2. రేవునీతి: ఆముక్తమాల్యద నమూనా

శ్రీనాథుని హరవిలాసం ఒక వర్తకునికి అంకితమైన కావ్యం. కృతిభర్త అవచి తిప్పయ సెట్టి తెప్పించే సరకుల వర్ణనలో సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టు కనిపిస్తాయి. వర్తకుని గొప్పతనం అక్కడ అతడు తెచ్చిన వస్తువుల దూరంతో కొలవబడింది.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి ఈ వర్ణనను పాలనాసూత్రంగా మార్చింది. రాజు రేవులను బాగుచేయాలి, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు సులభంగా దిగుమతి అయ్యేటట్లు చూడాలి. దూరదేశాల నుంచి గుర్రాలనూ ఏనుగులనూ తెచ్చే వర్తకులకు ఊళ్లూ, నగరంలో ఇళ్లూ, దర్శనమూ, తగిన లాభమూ ఇచ్చి, ఆ జంతువులు శత్రువుల చేతికి పోకుండా కాచుకోవాలి. 1514లో ఉదయగిరిని గెలిచి నెల్లూరు సీమను తన ఏలుబడిలోకి తెచ్చుకున్న రాజు చెప్పిన నీతి ఇది. అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 1510లో, గోవా బుడతకీచుల వశమై గుర్రాల వర్తకం వారి గుప్పిట్లోకి చేరుతున్నది.

ఈ నీతిలో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, వర్తకుడు రాజు అనుగ్రహంపై ఆధారపడినవాడు. అతడికి ఇల్లు దొరుకుతుంది, ఊరు దొరుకుతుంది, కోట దొరకదు. రెండవది, సముద్రం రాజ్యానికి వెలుపల ఉన్నదే తప్ప దానిపై పెత్తనం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ తలెత్తదు. ఓడలు ఎవరివైనా సరకు రాజుగారి వాకిట దిగితే చాలునన్న ధీమా ఈ నీతిలో ఉంది.

3. అవతారిక చెప్పినది

సుమారు 125 ఏళ్ల తర్వాత దామెర్ల వారి కాలానికి వచ్చేసరికి ఆ ధీమాకు ఆధారం సడలింది. 1565 యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు చంద్రగిరి, వేలూరుల నుంచి పాలించారు. తీరం మీద నాయకుల పలుకుబడి పెరిగింది. మైలాపురాన్ని ఆనుకొని శాంథోమ్‌లో బుడతకీచులు, ప్రళయకావేరి అనిపించుకున్న పులికాట్‌లో డచ్చివారు ఉన్నారు. 1612లో బుడతకీచులు డచ్చివారి స్థావరాన్ని ధ్వంసం చేయగా, డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నారు. అవతారికలోని కలహ ప్రస్తావన వట్టి కవికల్పన కాదని ఈ ఘటనలు తెలుపుతాయి.

అంకభూపాలుడు కలహాన్ని చెప్పిన తీరు విశిష్టమైనది. రెండు స్థలాలు తగవులాడుకుంటున్నాయి. నడుమ ఒక పట్నం వెలిసింది. తగవు అణగింది. పట్నానికి తండ్రి చెన్నప్ప పేరు వచ్చింది. కావ్యమూ ఆ తండ్రికే అంకితం. అంటే ఒకే తండ్రికి ఒక కుమారుడు పట్నాన్నీ, మరొక కుమారుడు ప్రబంధాన్నీ సమర్పించారు. అవతారికలోని వంశవర్ణన ఈ రెండింటినీ ఒకే వరుసలో నిలుపుతుంది. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, అగ్రహారం ఇవ్వడం వంటి కీర్తికార్యాల జాబితాలో రేవుపట్నం కట్టించడం కూడా చేరింది. ఈ చేరిక తెలుగు అవతారికా సంప్రదాయంలో ఒక కొత్త మలుపు. సప్తసంతానాలలో లేని కీర్తికార్యానికి కవి ఇక్కడ చోటు కల్పించాడు.

ఉషాపరిణయ ఇతివృత్తానికీ అవతారికకూ సంబంధం వెతకాలన్న ఉత్సాహం కలగడం సహజం. సముద్ర తీరపు ద్వారక నుంచి రాత్రివేళ తేబడిన పరదేశి యువకుడు, కాపలా ఉన్న పరాయి నగరం, యుద్ధం, చివరకు వియ్యం అన్న వరుస ఆ కథలో ఉంది. అయితే ఉషానిరుద్ధుల కథ ఎందరో కవులు చేపట్టినది. కేవలం ఈ పోలికతో కవి సమకాలీన రాజకీయాన్ని పురాణంలో దాచాడని తీర్మానించడం తొందరపాటు. కథ తగవుతో మొదలై పొత్తుతో ముగిసేదన్న మేరకే సామ్యాన్ని అంగీకరించవచ్చు.

4. కంపెనీ పత్రాలు చెప్పినవి

అదే ఘటనను ఇంగ్లీషు పత్రాలు వేరుగా చెప్పాయి. దుర్గరాజుపట్నంలో వర్తకం ఆశించినంతగా సాగకపోవడంతో ఫ్రాన్సిస్ డే దక్షిణాన మరో చోటు వెతికాడు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని నుంచి మదరాసు భూమిపై అనుమతి సంపాదించాడు. మంతనాలలో అయ్యప్ప పాత్ర ఉంది. కంపెనీకి సుంకం మినహాయింపుతో పాటు రేవు ఆదాయంలో సగం ఇచ్చే ఏర్పాటు జరిగింది. కోట ఖర్చు ఎవరు భరించాలన్నది ఆ తర్వాత వివాదమైంది.

నాయకుడు తమను ఎందుకు పిలిచాడో ఇంగ్లీషువారు రాసుకున్న కారణాలు నాలుగు. తన దేశం సంపన్నం కావాలి. డబ్బిచ్చి పారశీకపు గుర్రాలు తెప్పించుకోవాలి. వారి ఓడల మీద తన మనిషిని ఏటా బంగాళాఖాతానికి పంపి డేగలు, కోతులు, చిలకలు కొనిపించుకోవాలి. కోట బలపడితే పొరుగు శత్రువుల నుంచి తనకు ఆశ్రయం దొరకాలి. డే వైపు కారణం ఒక్కటే ముఖ్యం. ఇక్కడ బట్ట మిగిలిన చోట్ల కంటే 20 శాతం చౌకగా దొరుకుతుందని అతని అంచనా.

ఈ జాబితాను ఆముక్తమాల్యద నీతి పక్కన పెడితే మార్పు స్పష్టమవుతుంది. కోరిక మారలేదు, ఇప్పటికీ గుర్రాలే. ఇచ్చే వస్తువు మారింది. కృష్ణరాయల నీతిలో వర్తకునికి దక్కేవి ఊరు, ఇల్లు, లాభం. దామెర్ల వారి ఒప్పందంలో వర్తకునికి తీరభూమి, అందులో కోట, రేవు ఆదాయంలో సగం దక్కాయి. అక్కడ వర్తకుడు రాజును ఆశ్రయించాడు. ఇక్కడ ఆపద వస్తే వర్తకుని కోటను ఆశ్రయించాలని రాజే తలపోశాడు. అవతారికలో ఈ నాలుగవ కారణానికి చోటు లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆశ్రయం కోరే నాయకుడు అవతారికకు నాయకుడు కాలేడు.

అయితే కంపెనీ పత్రమే నిజం, కావ్యం అబద్ధం అనడం కూడా సరికాదు. డే తన పై అధికారులను ఒప్పించడానికి రాశాడు. కవి తండ్రినీ వంశాన్నీ కీర్తించడానికి రాశాడు. నాయకుని కోరికలను చిలకలు, కోతుల స్థాయికి దించడంలో పరాయి వర్తకుని చిన్నచూపు కూడా ఉండి ఉండవచ్చు. రెండూ దావా పత్రాలే. చెన్నపట్నం పేరుకు చెన్నకేశవాలయమే మూలమన్న వాదం కూడా ఉన్నందున, పేరు విషయంలోనూ అవతారిక ఒక పక్షం వాదనే అవుతుంది.

5. తారుమారైన తీర్పరితనం

అవతారికలో కేంద్రభావం పట్నం కాదు, తగవు తీర్చడం. పరదేశీయులు కలహిస్తారు, స్థానిక ప్రభువు తీర్పరిగా నిలుస్తాడు. ఆ తర్వాతి కాలంలో ఈ పాత్రలు తారుమారయ్యాయి. 1640ల మధ్యలో మీర్ జుమ్లా నడిపిన గోల్కొండ సేనలు ఈ ప్రాంతాన్ని ఆక్రమించాయి. దామెర్ల వారి అధికారం క్షీణించింది, వారిచ్చిన నేలపై కోట మాత్రం నిలిచింది.

ఆ కోట నీడలో కొత్త సమాజం ఏర్పడింది. బలిజలు, కోమట్లు, బేరి చెట్లు, నేతగాళ్లు, దుబాసీలు వలస వచ్చారు. బేరి తిమ్మన్న, కాసి వీరన్న వంటి వర్తకులు కంపెనీకి బట్ట సమకూర్చే మధ్యవర్తులుగా ఎదిగారు. 1652లో కుడిచేతి, ఎడమచేతి కులాల మధ్య వీధులు, ఊరేగింపుల హక్కులపై ఘర్షణ రేగింది. 1707లో అది మళ్లీ ప్రజ్వరిల్లినప్పుడు పెద్దనాయకన్‌పేట, ముత్యాలపేటలను ఇరువర్గాలకు విడదీసే ఏర్పాటు కంపెనీ ప్రభుత్వం ఆధ్వర్యంలో జరిగింది. పరదేశీయుల తగవు తీర్చడానికి కట్టినదని కావ్యం చెప్పిన పట్నంలోనే పరదేశీయులు స్థానికుల తగవు తీర్చారు. వర్తకం తెచ్చిన సామాజిక మార్పుకు ఇంతకంటే సూటియైన కొలమానం దొరకదు.

6. రెండింటిలోనూ లేనివారు

డే చెప్పిన 20 శాతం చౌక ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు కావ్యంలో గాని పత్రంలో గాని జవాబు లేదు. నేతగాని కూలి, నూలు వడికిన స్త్రీ శ్రమ, ముందుగా బయానా ఇచ్చి బట్టను కట్టడి చేసే వర్తకుని పద్ధతి, వీటన్నిటి మొత్తమే ఆ ధర. సాలెంపూరు వంటి ఈ తీరపు నీలిబట్ట అట్లాంటిక్ అవతలి సూరినాం తోటలలో బానిసల ఒంటి మీదికి చేరింది. పులికాట్ నుంచి డచ్చి ఓడలు బట్టతో పాటు మనుషులనూ బానిసలుగా బటావియాకు చేరవేశాయి. ఉషాపరిణయ అవతారికలో కలహం అణగిన సముద్రం మీద సాగిన వర్తకం ఇది.

ఈ లోటును శుకసప్తతి, హంసవింశతి వంటి కథాకావ్యాలు కొంత పూరిస్తాయి. వర్తకుడైన భర్త దూరదేశం వెళ్లడమే ఆ కథలకు ప్రాతిపదిక. వర్తకయాత్ర ఇంట మిగిల్చిన ఖాళీలోనే కథ పుడుతుంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో ఈ కావ్యాలను విస్తృతంగా వినియోగించి తెలుగు పరిశోధనకు దారి చూపారు. ఆ తర్వాతి పరిశోధనలలో అనేకం బట్టల పేర్లు, వృత్తులు, ఆటల జాబితాలను ఏరుకోవడంతోనే ఆగిపోయాయి. ఉషాపరిణయ విషయంలోనూ ఇదే జరిగింది. 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ విజయనగర చరిత్ర ఆధారాల సంకలనంలో అవతారిక భాగాన్ని చేర్చారు. చరిత్రకు అది మేలు చేసింది. కాని ఆ భాగం కావ్యం నుంచి విడిపోయి, పట్నం పేరును నిరూపించే సాక్ష్యంగా మాత్రమే మిగిలింది. అది ఏ సంప్రదాయంలో, ఎవరి కీర్తి కోసం, ఏమి వదిలిపెట్టి మాట్లాడుతున్నదన్న విమర్శ వెనుకబడింది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. ఆముక్తమాల్యద నుంచి ఉషాపరిణయం నాటికి విదేశీ వర్తకుడు ఆశ్రితుని స్థానం నుంచి కోట గలవాని స్థానానికి మారాడు. అవతారికాభాష మాత్రం పాత ఆశ్రయదాత భాషగానే నిలిచింది.

2. చెన్నపట్నం పుట్టుకపై అవతారిక, కంపెనీ పత్రాలు రెండూ స్వపక్ష వాదనలే. ఒకటి మౌనం వహించిన చోట రెండవది మాట్లాడుతుంది. కనుక ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయక, రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చదవాలి.

3. అవతారికలను చారిత్రక సమాచారపు నిధిగా మాత్రమే గాక, అధికారాన్ని కోరే రచనలుగా విశ్లేషించాలి.

4. రేవుల మధ్యనున్న విడవలూరు వంటి ఊళ్ల వైపు నుంచి చదివినప్పుడే ఈ రెండు పాఠాల ఉమ్మడి మౌనం బయటపడుతుంది. పట్నానికి పేరు పెట్టినవాడెవరో, భూమి పొందినవాడెవరో తెలుగు పరిశోధన తేల్చుకుంది. ఆ పట్నపు ఓడలను నింపిన బట్ట ఎవరి మగ్గం మీద నుంచి దిగిందన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. దానికి జవాబు ప్రబంధాలలో కంటే స్థానిక కైఫీయతులలో, కులపురాణాలలో, శ్రామికుల పాటలలో వెతకవలసి ఉంటుంది.