విప్పగలిగేలా బిగించడం

సైలెన్సర్ పనికి వచ్చిన కారు కింద దూరాక మంచి మెకానిక్ వెంటనే పానా అందుకోడు. వైరు బ్రష్షుతో నట్టు చుట్టూ ఉన్న మట్టినీ చిలుమునూ రాల్చి, టార్చి వెలుతురులో కాసేపు చూస్తాడు. నట్టు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, అరిగి గుండ్రమయ్యాయా? స్టడ్డు (తల లేని బోల్టు) మర నట్టు దాటి ఎంత బయటికొచ్చింది? ప్యాకింగు పక్కన నల్లటి మసి చార ఉందా? బెల్లంపల్లి బజారులోని షెడ్ల దగ్గర నేను ఇష్టంగా నిలబడి చూసేది ఈ చూపునే. ఏ నట్టు పెట్టాలి, ఏది పెట్టకూడదు అనే నిర్ణయం సగం అక్కడే అయిపోతుంది.

ఈ ఊరికి బోల్టు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన సింగరేణి తవ్వకం 1920ల చివరికి బెల్లంపల్లి చేరింది. అప్పటినుంచి ఇక్కడ బొగ్గుబాయికి పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. బాయిలో వాడే ఫ్లేమ్‌ప్రూఫ్ స్విచ్చి పెట్టెకు ఒక్క బోల్టు తక్కువైతే అది ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. పెట్టెలోకి చొరబడిన మీథేన్ నిప్పురవ్వకు అంటుకున్నా, ఆ మంట మూత అంచుల నడుమ ఉన్న ఇరుకు సందులోంచి బయటపడేలోపు చల్లారిపోవాలి. ఆ సందును అంత ఇరుకుగా పట్టి ఉంచేది బోల్టుల బిగింపే. బొగ్గు దుమ్ము పేరుకునే చోట పరికరం ఉపరితలం 150 డిగ్రీల సెల్సియస్ దాటకూడదనేది గని పరికరాల ప్రమాణం. బాయి బయట రోడ్డు మీద తిరిగే కారుకు అలాంటి కట్టడి లేదు. దాని ఇంజన్ పక్కనే అంతకు ఎన్నో రెట్ల వేడి రోజూ పుట్టి ఆరుతుంటుంది.

పెట్రోలు ఇంజన్ పూర్తి బరువు మీద లాగుతున్నప్పుడు పొగ 800 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. డీజిల్‌లో అంతకంటే తక్కువ. ఇంజన్ పొగను గొట్టంలోకి చేర్చే మ్యానిఫోల్డు ఫ్లేంజి (అతుకు అంచు) 400 నుంచి 600 డిగ్రీల మధ్య కాగుతుంది. రాత్రికి మళ్లీ చల్లబడుతుంది, లోపలి ఆవిరి నీరై దిగుతుంది, చిలుము మొదలవుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే మన ఎండను తిట్టుకుంటాం గానీ స్టడ్డును తెంపేది ఎండ కాదు. కాగడం, ఆరడం, మళ్లీ కాగడం, ఆపైన ఓపెన్‌కాస్టు గనుల దారుల అదురు, దుమ్ము లేవకుండా చల్లిన నీళ్లు వేడి గొట్టం మీద చిమ్మడం, ఇవన్నీ కలిసి ఆ పని చేస్తాయి.

ఇక ఎంపిక సంగతి. షాపులో అడిగితే చాలామంది ముందు చూపించేది పెద్ద అంకె ఉన్న బోల్టు. తల మీద 8.8 ఉంటే మంచిది, 10.9 ఇంకా మంచిది, 12.9 అన్నిటికన్నా గట్టిది అని లెక్క. చల్లగా ఉన్నంతసేపు ఆ లెక్క నిజమే. నేను చూసిన ఒక మేస్త్రీ మాత్రం 12.9 బోల్టును చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టాడు. "గట్టిదే అన్నా, గానీ గిది వేడికి ఆగది. జాకీకి పెట్టు, మ్యానిఫోల్డుకు వద్దు" అన్నాడు. ఆ మాట వెనక నిఖార్సైన లోహశాస్త్రం ఉంది. ఉక్కు బోల్టును ఎర్రగా కాల్చి, ముంచి, మళ్లీ ఒక మోస్తరు వేడిలో పదును పడతారు. దాన్నే టెంపరింగ్ అంటారు. 8.8 బోల్టుకు ఆ పదును పట్టే వేడి కనీసం 425 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. 12.9 రకాల్లో కొన్నిటికి 380 డిగ్రీలతోనే సరిపెట్టవచ్చు. ఏ వేడిలో పదును పట్టారో దాన్ని దాటి ఇంజన్ వేడెక్కిన రోజు, ఫ్యాక్టరీలో వచ్చిన గట్టితనం ఇంజన్ పక్కనే కరిగిపోవడం మొదలవుతుంది. అంత దాకా పోకముందే తగ్గుదల కనిపిస్తుంది. చల్లని 8.8 బోల్టు 640 మెగాపాస్కల్ దాకా సాగిపోకుండా నిలిస్తే, 300 డిగ్రీల దగ్గర అదే బోల్టు 480 దగ్గరే లొంగుతుంది.

మెరిసే జింకు పూత బోల్టులను తోసిపుచ్చడానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, పూత అంతకు చాలా ముందే చెడుతుంది. కరిగిన జింకు ఉక్కు లోపలికి పాకితే ఉక్కు పెళుసవుతుంది. నైలాన్ రింగున్న లాక్‌నట్టు 120 డిగ్రీల తర్వాత ఉత్త నట్టే. ఈ రెండూ సైలెన్సర్ దరిదాపులకు రాకూడదు.

స్టెయిన్‌లెస్ దగ్గరే అసలు పరీక్ష. చిలుము పట్టదు, చూడ్డానికి బాగుంటుంది, 304 రకం 800 డిగ్రీల పైన కూడా పొలుసులు రాలదు. ఇన్ని మంచి గుణాలున్న దాన్ని వద్దనడానికి ధైర్యం కావాలి, లేదా లెక్క తెలిసి ఉండాలి. లెక్క ఇది. బోల్టు బిగించడమంటే దాన్ని కొంచెం సాగదీయడమే. ఆ సాగు వెనక్కి లాగే బలమే ఫ్లేంజీలను కలిపి పట్టుకుంటుంది. 30 మిల్లీమీటర్ల పట్టు ఉన్న బోల్టును బాగా బిగించినా అది సాగేది మిల్లీమీటరులో 7 శాతం దగ్గర. ఇప్పుడు పోత ఇనుము ఫ్లేంజి, స్టెయిన్‌లెస్ బోల్టు రెండూ 400 డిగ్రీలు పైకి కాగాయనుకోండి. డిగ్రీకి పోత ఇనుము పది లక్షల్లో 11 వంతులు పెరిగితే స్టెయిన్‌లెస్ 17 వంతులు పెరుగుతుంది. తేడా 6 వంతులు. 30 మిల్లీమీటర్ల మీద, 400 డిగ్రీలకు అది మిల్లీమీటరులో 7 శాతం. అంటే మనం పెట్టిన సాగు మొత్తం వేడిలో మాయమవుతుంది. నిజానికి బోల్టు ఫ్లేంజి కన్నా కాస్త చల్లగా ఉంటుంది కనుక అంతా పోదు, కానీ చాలావరకు పోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పానా వేసి చూస్తే గట్టిగానే ఉంటుంది, దారిలో కాగాక పొగ కారుతుంది. దీనికి తోడు స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద తిరుగుతూనే పట్టేసి, అటూ ఇటూ కదలకుండా అతుక్కుపోతుంది. పలచటి గొట్టాల క్లాంపులకు, వెనక సైలెన్సర్ హ్యాంగర్లకు స్టెయిన్‌లెస్ చక్కగా పనిచేస్తుంది. మ్యానిఫోల్డు దగ్గర మాత్రం దానికి చోటు లేదు.

మరి అక్కడ నిలిచేది ఏది? కంపెనీ ఇచ్చిన స్టడ్డే మొదటి మాట. అది దొరకనప్పుడు క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. పవర్‌హౌజు పైపుల ఫ్లేంజీలకు వాడే బి7 స్టడ్డు ఈ జాతిదే. దాన్ని పదును పట్టే వేడి 593 డిగ్రీలకు తగ్గకూడదు. 12.9తో పోలిస్తే దీని చల్లటి బలం తక్కువ, కానీ వేడిలో తన బలాన్ని అది అంత తేలిగ్గా వదులుకోదు. ఇంకా పైన, టర్బో దగ్గర ఎర్రగా కాలే చోట్లకు ఎ286, ఇంకొనెల్ లాంటి మిశ్రమలోహాలున్నాయి. మామూలు కారుకు అంత అవసరం రాదు. నట్టుగా, నోరు కాస్త కోలగా నొక్కి రాగిపూత వేసినవి శ్రేష్ఠం. ఆ కోలతనం వల్ల నైలాన్ లేకుండానే స్టడ్డును గట్టిగా పట్టుకుంటుంది. 1085 డిగ్రీల దాకా కరగని రాగి మరల మధ్య ఉండి, ఇనుమూ ఇనుమూ అతుక్కోకుండా కాపాడుతుంది. అంబాసిడర్ కాలపు ఇంజన్లకు ఇత్తడి నట్లు ఉండేవి. ఇత్తడి మెత్తన, ఇనుముతో కలిసి చిలుము పట్టదు. విప్పేటప్పుడు చెడితే చవకైన నట్టు చెడుతుంది, ఇంజన్ హెడ్డులో ఉన్న స్టడ్డు క్షేమంగా ఉంటుంది. ఏది పోవాలో ముందే నిర్ణయించి పెట్టిన ఆ ఆలోచన నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

ఇదే జాతి బోల్టులను మహాకాయంగా చూడాలంటే ఈ మంచిర్యాల జిల్లాలోనే జైపూర్ ఉంది. 2016లో మొదలైన సింగరేణి థర్మల్ కేంద్రంలో 600 మెగావాట్ల యూనిట్లు రెండు. అలాంటి టర్బైన్లకు ఆవిరి 540 డిగ్రీల చుట్టూ వస్తుంది. టర్బైన్ పైమూతను పట్టి ఉంచే బోల్టుల్లో పెద్దవాటికి నడిమధ్య రంధ్రం ఉంటుంది. అందులో హీటరు కడ్డీ దించి బోల్టును కాస్తారు, అది పొడవు సాగుతుంది, అప్పుడు నట్టును లెక్క ప్రకారం తిప్పి వదిలేస్తారు. చల్లారుతూ బోల్టే తనంతట తాను బిగుసుకుంటుంది. కమ్మరి ఇనుప పట్టాను కాల్చి బండి చక్రానికి ఎక్కించి నీళ్లు పోసినప్పుడు జరిగేదీ ఇదే.

సరైన ముక్క చేతికొచ్చాక చేతిపని మొదలవుతుంది. పాత నట్టును మొండిగా తిప్పితే స్టడ్డు తెగి హెడ్డులో మిగులుతుంది. అందుకే నట్టును గ్యాసు మంటతో ఎర్రగా కాలుస్తారు. చుట్టూ ఉన్న నట్టు పెరిగి, లోపలి స్టడ్డు ఇంకా కాగకముందే పానా కదలాలి. ఆ వరస తప్పితే రెండూ కాగి మళ్లీ మొదటికే వస్తుంది. కొత్త స్టడ్డును దించడానికి దాని మీద రెండు నట్లు ఒకదానికొకటి ఎదురు బిగించి, పైనట్టు పట్టుకుని తిప్పుతారు. ప్లయరు పట్టి మర చెడగొట్టరు. హెడ్డు మరను ట్యాపుతో శుభ్రం చేస్తారు. రాగి పేస్టు పలచగా రాస్తారు. పేస్టు రాసిన మర తేలిగ్గా తిరుగుతుంది గనుక అదే బలంతో లాగితే బోల్టు ఎక్కువ సాగిపోతుంది, అందుకని చేతిని ఆ మేరకు తగ్గిస్తారు.

బిగింపు మధ్య స్టడ్డు నుంచి మొదలై రెండు చివరలకూ పోతుంది. అర మీటరు పోత ఇనుప మ్యానిఫోల్డు 500 డిగ్రీలు కాగితే పొడవు 2.75 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని పక్కన నీళ్లతో చల్లబడే హెడ్డు అంతగా పెరగదు. ఆ తేడా అంతా చివరి స్టడ్ల మీద పడుతుంది. తెగేవి ఎప్పుడూ అవే కావడానికి కారణం ఇదే. చివరి రంధ్రాలు కొంచెం పెద్దగా ఉండేది మ్యానిఫోల్డు జరగడానికే. రంధ్రం వదులుగా ఉందని బుష్షు వేసి పూడ్చేవాళ్లు పనిని పాడుచేస్తున్నారు. పెద్ద డీజిల్ ఇంజన్లలో పొడవైన బోల్టు కింద గొట్టంలాంటి స్పేసరు కనిపిస్తే దాని పనీ తెలుసుకోవాలి. పొడవైన బోల్టు ఎక్కువ సాగుతుంది, కనుక వేడిలో కొంత పోయినా బిగింపు ఇంకా మిగులుతుంది.

చిన్న కార్లలో ముందు గొట్టం కలిసే చోట స్ప్రింగు బోల్టులు ఉంటాయి. ఆ బోల్టుకు మెడ దగ్గర ఒక మెట్టు. అంతవరకే దిగుతుంది, అక్కడ ఆగుతుంది. బిగింపు స్ప్రింగుది. ఇంజన్ ఊగినప్పుడల్లా ఆ కీలు కొంచెం తిరిగి, ఊపును వెనక గొట్టానికి పంపదు. స్ప్రింగు విరిగిందని దాని బదులు మామూలు బోల్టు వేసి గట్టిగా లాగిన బండ్లను నేను ఎన్నో చూశాను. కొన్నాళ్లకు గొట్టమో, మ్యానిఫోల్డో పగులుతుంది.

చూడగానే నమ్మకం కలిగించే చిన్న గుర్తు ఒకటుంది. మారుతి, టయోటా లాంటి జపాను పద్ధతి బండ్లలో 8 మిల్లీమీటర్ల బోల్టు తలకు 12 నంబరు పానా పడుతుంది. మామూలు బజారు బోల్టుకు 13. మ్యానిఫోల్డు మీద అన్నిటికీ ఒకే పానా పడుతుంటే, నట్లన్నీ ఒకే రంగులో ఉంటే, పని తెలిసిన చెయ్యి పడిందనుకోవచ్చు. ఒకటి 12, ఒకటి 13, ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా ఉంటే మళ్లీ విప్పించండి.

పొద్దున స్టార్టు చేయగానే టిక్కు టిక్కుమని, కాగాక ఆగిపోయే చప్పుడు వినిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ సందులోంచి కారే పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది కారు లోపలికి రాగలదు. మేస్త్రీ మంచి స్టడ్లకు, రాగి నట్లకు నాలుగు డబ్బులు ఎక్కువ అడిగితే "ఉన్న బోల్టు ఏదో వెయ్యి అన్నా" అనకండి. అడిగినంత ఇచ్చి, కాసేపు పక్కన నిలబడి ఆయన చేతులు చూడండి. మరో వంద కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లబడిన పూట మళ్లీ ఒకసారి పానా వేయించుకోండి.