ఇంకో రెండు నిమిషాలు

మా పెరట్లోకి గ్యాస్ గ్రిల్ వచ్చి ఆరేళ్లయింది. అందులో మొదటి మూడేళ్లు నేను కాల్చిన సాల్మన్‌ని ఇంట్లోవాళ్లు నా మొహం చూసి తిన్నారు. ఆ సంగతి నాకప్పుడు తెలియలేదు. మా ఆయన ఆవకాయ జాడీ పక్కన పెట్టుకుని కూర్చునేవారు; అలవాటేమో అనుకున్నాను.

మేముండేది సియాటెల్ పక్కన బోథెల్‌లో. ఇక్కడుండి సాల్మన్ కాల్చడం రాదంటే నరసాపురంలో పుట్టి పులుసు పెట్టడం రాదన్నట్టే. నేను పుట్టింది నరసాపురంలోనే. చేప విషయంలో నాకొకరు చెప్పేదేమిటన్న ధీమా ఉండేది. కొంప ముంచింది ఆ ధీమాయే. మొదటిసారి నేను చేసిన నిర్వాకం ఇది: ఫిల్లెట్లకున్న తోలు ఒలిచి పారేశాను. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి, రెండు నిమ్మకాయలు పిండి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. వంజరం వేపుడుకి అరగంట నానితే చాలు, ఇది లావుపాటి ముక్క కదా, రాత్రంతా ఉండనీ అనుకున్నాను. పొద్దున తీసి చూస్తే పైపొర తెల్లగా పాలిపోయింది, వేలు పెడితే దిగబడుతోంది. పులుపు కూడా నిప్పులాగే చేపని మార్చేస్తుందని అప్పటికి తెలియదు. ఆ ముక్కల్ని తీసుకెళ్లి సరిగా కాగని ఊచల మీద పరిచాను. తిప్పబోతే సగం చేతికొచ్చింది, సగం గ్రిల్‌కి అంకితమైంది. కారం మాడి వచ్చిన ఘాటుకి పక్కింటాయన కంచె మీంచి తొంగిచూసి దగ్గుతూ లోపలికెళ్లిపోయాడు.

చేప ఊచలకెందుకు అంటుకుంటుందో తెలిశాక సగం బాధ తీరింది. చాలినంత వేడెక్కని ఇనుము మీద పచ్చి చేప పెడితే అందులోని ప్రోటీన్లు లోహాన్ని పట్టేసుకుంటాయి. కాగని పెనం మీద మొదటి అట్టు ఏనాడైనా సరిగ్గా వచ్చిందా? ఇదీ అంతే. మూత వేసి పదిహేను నిమిషాలు కాగనివ్వాలి. బ్రష్షుతో ఊచలు గీకి, నూనెలో ముంచిన కాగితపు మడతని పటకారుతో పట్టుకుని రెండు మూడుసార్లు రుద్దాలి. మా ఇంట్లో పెనానికి సగం ఉల్లిపాయ రుద్దేవాళ్లం, అదే పని. చేపని తడి లేకుండా ఒత్తి తుడిచి దానికీ కాస్త నూనె రాయాలి. ఇక చేతులు కట్టుకోవాలి. అడుగున పెచ్చు కట్టగానే ముక్క తనంత తనే ఊచల్ని వదులుతుంది. అట్లకాడ దూర్చితే మొరాయించిందంటే దానికింకా వేళ కాలేదని. ఇప్పుడు నేను తోలు వైపు కింద పెట్టి, మూత వేసి, అసలు తిప్పకుండానే కాలుస్తాను. ఒలిచి పారేసిన ఆ తోలే చేపకి పెనమని తెలియడానికి ఒక వేసవి పట్టింది.

నిప్పు సంగతీ ఊచల సంగతీ ఇలా తేలిపోయాయి. తేలనిది ఒకటే మిగిలింది. ఎప్పుడు దింపాలి?

అంగుళం మందానికి పది నిమిషాలని కెనడా మత్స్యశాఖ ఎప్పుడో ప్రచారంలో పెట్టిన లెక్కొకటి ఉంది. లెక్క సులువే గానీ సాల్మన్ ఫిల్లెట్టే ఒక మందంలో ఉండదు. నడుము దగ్గర అంగుళంన్నర, తోక దగ్గర అరంగుళం. నడుము ఉడికేసరికి తోక అట్టముక్క అవుతుంది. తోక వైపు కోసేసి విడిగా, ఆలస్యంగా పెడితే సరి. పైగా సాల్మన్ అంటే ఒక్క చేప కాదు. అంగడిలో ఏడాది పొడుగునా కనపడే అట్లాంటిక్ సాల్మన్ దాదాపు అంతా పెంపకం చేప. నార్వేలోనో చిలీలోనో సముద్రంలో కట్టిన వలల్లో మేత తిని పెరిగింది. తెల్లటి కొవ్వు గీతలు చీర అంచులా కనపడతాయి. ఆ కొవ్వు పుణ్యాన మనం కాస్త ఏమరినా ముక్క తట్టుకుంటుంది. పసిఫిక్ వైపు దొరికే అయిదు రకాల్లో చినూక్‌కి, అంటే కింగ్‌కి, కొవ్వెక్కువ. ఎర్రగా నిప్పు కణికలా ఉండే సాకై పలచన, కొవ్వు తక్కువ, రుచి ఎక్కువ. ఒక్క నిమిషం పరధ్యానంగా ఉన్నా క్షమించదు. మిగిలిన మూడూ, అంటే కోహో, పింక్, చమ్, మా ఇంటికి పెద్దగా రావు.

అమెరికా వ్యవసాయశాఖ ఏ చేపయినా లోపల 145 డిగ్రీలకు, మన లెక్కలో 63 సెల్సియస్‌కు, చేరాలంటుంది. సాల్మన్ మీద చెయ్యి తిరిగిన వంటవాళ్లు పెంపకం చేపని 125 దగ్గర, సాకైని 120 దగ్గర దించేస్తారు. దించాక కూడా లోపలి వేడి మరో అయిదు డిగ్రీలు పాకుతుంది. 125కీ 145కీ మధ్య దూరం గ్రిల్ మీద మూడు నాలుగు నిమిషాలకు మించదు. నా మూడేళ్ల చేపలన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే పోయాయి. 125 దగ్గర నేనూ చూసేదాన్ని. ముక్కని చాకు కొనతో విడదీస్తే లోపల ఇంకా నిగనిగలాడేది. గుండె గుబుక్కుమనేది. 'ఇంకో రెండు నిమిషాలు' అని మూత వేసేసేదాన్ని. మూత తీసేసరికి పక్కల నుంచి తెల్లగా జున్నులాంటిది ఉబికి ఉండేది. మా ఆయన ఒకసారి 'పెరుగేమైనా పట్టించావా?' అనడిగారు. అది ఆల్బుమిన్, చేప కండలోని ప్రోటీనే. సెగ ఎక్కువై కండ ముడుచుకున్నకొద్దీ బయటకు పిండుకుని గడ్డకడుతుంది. కాల్చబోయే ముందు గ్లాసుడు నీళ్లకు పెద్ద చెంచాడు ఉప్పు చొప్పున కలిపి పది నిమిషాలు ముంచి తీస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ పూర్తిగా తగ్గాలంటే ఆ రెండు నిమిషాలూ మానుకోవాలి.

ఎందుకు మానలేకపోయానంటే, మన వంటింట్లో 'పచ్చి' అన్నది తిట్టు. పచ్చివాసన పోవాలి, పచ్చిదనం విరగాలి. పచ్చి పులుసు ఒక్కటే మినహాయింపు. ఆ భయం ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు మా వీధికి చేపల బుట్ట వచ్చేసరికి ఎండ నెత్తికెక్కేది, ఐసు ముక్క కనపడేది కాదు. బాగా ఉడికించడమే అప్పుడు తెలివి. పైగా పులుసు మనల్ని గారాబం చేసి చెడగొట్టింది. పది నిమిషాలు ఎక్కువ మరిగినా పులుసుకేం కాదు, మర్నాటికి ఇంకా బాగుంటుంది. గ్రిల్ మీది సాల్మన్‌కి మర్నాడు లేదు.

రెండేళ్ల క్రితం అమ్మ వచ్చి ఆర్నెల్లుంది. గ్రిల్ దగ్గర నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను ముక్క మీద వేళ్లతో వెనక్కి రాసి, చేతికి తగిలిన సన్నముళ్లని చిన్న పటకారుతో లాగుతుంటే వింతగా చూసింది.

"అంతేనా ముళ్లు? ముల్లు లేనిది చేపేంటే, పనసతొన తిన్నట్టు?"

ఆ రోజు జాగ్రత్తగా 125 దగ్గర దించబోయాను. అమ్మ లేచి వంగి చూసింది.

"లోపల పచ్చిగా ఉందే. ఇంకో రెండు నిమిషాలుంచు."

ఇంతకాలం నా నోటికి ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చేదో అప్పుడు తెలిసింది. ఉంచాను. రెండు నాలుగయింది. చేప పీచుపీచుగా తయారైంది. అమ్మ ఏమీ అనకుండా తిని, మిగిలిందంతా డబ్బాలో పెట్టించింది. మర్నాడు దాన్ని చిదిమి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, గరిటెతో అదిమి అదిమి పొరటు చేసింది. అన్నంలోకి అంత మంచి సాల్మన్ ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ తినలేదు. ఎండిపోయిన చేపకి నాకు తెలిసిన మంచి గతి ఇప్పటికీ అదే. (ఒక మాట. పెద్దవాళ్లకీ గర్భిణులకీ 145 లెక్కే సరైనది. అమ్మ ముక్క ఎప్పుడూ వేరుగా ఆ లెక్కకే కాల్చాను. తోక ముక్కలు అందుకు పనికొస్తాయి.)

ఆగస్టులో అమ్మని ఫెర్రీ ఎక్కించి సుక్వామిష్ తెగవాళ్లు జరుపుకునే చీఫ్ సియాటెల్ డేస్‌కి తీసుకెళ్లాం. ఈ నేల మీద సాల్మన్ కాల్చడం మాలాంటివాళ్లు మొన్న నేర్చుకున్న విద్య. వాళ్లది వేల ఏళ్ల విద్య. 1850లలో భూములు రాయించుకున్న ఒప్పందాల్లో, మామూలుగా పట్టుకునే చోట్ల చేపలు పట్టుకునే హక్కు మీదేనని తెగలకు రాసిచ్చారు. తర్వాత పట్టుకుంటే అరెస్టు చేశారు. నిస్క్వాలీ తెగ బిల్లీ ఫ్రాంక్ జూనియర్ మొదటిసారి అరెస్టయింది పద్నాలుగేళ్ల వయసులో. ఆయన యాభైసార్లకు పైగా అరెస్టయ్యాడు. పట్టదగిన చేపలో సగం వాటా తెగలదేనని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చెప్పేదాకా ఆ తగువు నడిచింది. వాళ్లు కాల్చే తీరు చూడాలి. చేపని వెన్ను వెంబడి విప్పి పరిచి, చీల్చిన కర్ర మధ్య బిగించి, అడ్డపుల్లలు గుచ్చి, ఆల్డర్ కట్టెల మంట పక్కన నిలబెడతారు. మంట మీద కాదు, పక్కన. మంట దగ్గరున్న పెద్దాయన ఎంతసేపు చూసినా చేపని కదపలేదు. కట్టెల్ని కదిపాడు. అమ్మకి అది తెగ నచ్చింది.

"మనమూ అంతేగా. ముక్కలు పడ్డాక పులుసులో గరిటె పెడతామా? దాకనే పట్టుకుని తిప్పుతాం," అంది.

నిజమే. ఆ చేతివాటం నాకు పుట్టింటి నుంచే వచ్చింది, గ్రిల్ దగ్గరకొచ్చేసరికి మర్చిపోయానంతే. కొట్లలో దొరికే దేవదారు పలకలు, అదే సెడార్ ప్లాంకులు, ఆ పద్ధతికి దూరపు చుట్టాలు. గంట నానబెట్టిన పలక మీద చేపనుంచి కాలిస్తే అంటుకునే బాధ ఉండదు, సెగ నెమ్మదిగా తగులుతుంది. కాకపోతే తోలు మెత్తగా తడిసి ఊరుకుంటుంది. నాకు తోలు కరకరలాడాలి కాబట్టి పలక చుట్టాలొచ్చినప్పుడే బయటికొస్తుంది.

అక్టోబరులో ఇసాక్వా వాగు దగ్గరకెళ్లాం. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన సాల్మన్లు హేచరీ ముందు నీళ్లలో నల్లగా, రెక్కలు చిరిగి, ఒంటి మీద తెల్లటి మచ్చలతో మూలుగుతున్నట్టు కదులుతున్నాయి.

"ఇన్నుంటే ఒక్కరూ పట్టరేంటే?"

పట్టినా తినలేమని చెప్పాను. మంచినీళ్లలోకి వచ్చాక ఇవి మేత మానేస్తాయి. ఒంట్లో దాచుకున్న కొవ్వంతా ఈతకీ గుడ్లకీ ఖర్చయిపోతుంది, కండ పాలిపోతుంది, గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. అందుకే వీటిని నది ఎక్కకముందే, మొగ దగ్గరే పట్టాలి. అలాస్కాలో కాపర్ నది దాదాపు 300 మైళ్లు. అంత ఎదురీతకు సరిపడా కొవ్వు మోసుకొస్తుంది కాబట్టే ఆ చేపకంత గిరాకీ. మే నడిమికి మొదటి విడత విమానంలో సియాటెల్‌లో దిగితే ఎర్ర తివాచీ పరుస్తారు. అమ్మ కాసేపు వంతెన పిట్టగోడ మీద చేతులానించి ఆలోచించింది. సముద్రంలో ఇలస గోదావరి ఎర్రనీళ్లలోకి వచ్చాకే పులస అవుతుంది, ధవళేశ్వరం వైపు ఎదురీదినకొద్దీ రేటు పెరుగుతుంది.

"మన చేపకి నది ఎక్కాక రుచి. మీ చేపకి నది ఎక్కకముందు రుచి. రెండిటికీ ఒకటే పులుసు పెడదామనుకున్నావు నువ్వు," అంది.

అమ్మ నరసాపురం వెళ్లిపోయాక థర్మామీటరు పక్కన పెట్టి సన్నటి ఇనుప పుల్లతో చూడటం అలవాటు చేసుకున్నాను. ముక్క మందంలోకి గుచ్చి అయిదు లెక్కపెట్టి తీసి, కింది పెదవికి ఆనిస్తే గోరువెచ్చగా తగలాలి. చల్లగా ఉంటే కాలేదు, చురుక్కుమంటే మించిపోయింది. పుల్ల కంటే ముందు చెవికి తెలుస్తోంది ఈమధ్య. వేపుడులో నూనె చప్పుడు సద్దుమణిగితే ముక్క వేగిందని అమ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పేది. ఇక్కడ అది తలకిందులు. కొవ్వు కారి చిటపట జోరందుకుందంటే లేచి నిలబడాలి.

మొన్న ఆదివారం ఈ ఏడాది మొదటి సాకై తెచ్చాను. ఉప్పు, మిరియాలు, నూనె, అంతే. ఆరో నిమిషంలో చిటపట మారింది. మా ఆయన ప్లేటుతో నిలబడి, "అప్పుడేనా?" అన్నారు. ఆవకాయ జాడీ లోపలే ఉంది. అట్లకాడని కండకీ తోలుకీ మధ్య దూర్చి చేపని మాత్రం ఎత్తి ప్లేటులో పెట్టాను. తోలు ఊచల మీదే ఉండిపోయింది. దాని మీద రెండు ఉప్పు రవ్వలు జల్లి మూత వేశాను. దానికి మాత్రం ఇంకో రెండు నిమిషాలు కావాలి.