ఒక్క మెతుకు పట్టుకుంటే చాలా?

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. సెల్‌ఫోన్ కొనేటప్పుడు కూడా మనం ఇదే పని చేస్తున్నాం. కొన్నవాళ్లు ఇంటర్నెట్‌లో రాసిన అభిప్రాయాల్లో ఒక చెడ్డ మాట కనబడితే చాలు, ఆ ఫోనే పనికిరాదని తేల్చేస్తాం. ఇది సరైన పద్ధతేనా?

పోయిన ఏడాది మా నాయన ఫోన్ పాడైపోయింది. మాది హోసూరు దగ్గర పల్లె. గులాబీ తోట ఉంది. పొద్దున్నే మార్కెట్టుకు ఫోన్ చేసి ధర కనుక్కోకపోతే మాకు పని జరగదు. "పన్నెండు వేలు ఉంది. నువ్వు చదువుకుంటున్నావు కదా, మంచిది చూసి చెప్పు" అన్నాడు నాయన. అక్క ఒక ఫోన్ చూపించింది. దానికి ఐదుకు 4.2 నక్షత్రాలు ఉన్నాయి. నేను మాత్రం నేరుగా ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల మాటలకే పోయినాను. "డబ్బు దండగ", "మోసపోయాను, కొనొద్దు" అని ఉన్నాయి. భయమేసింది. "వద్దు నాయనా" అన్నాను. టౌనుకు పోయి అంగడాయన చూపించిన ఇంకో ఫోన్ కొన్నాం. తీరా చూస్తే దాని స్పీకరులో శబ్దం తక్కువ. మార్కెట్టు గోలలో నాయనకు అవతలివాళ్ల మాట వినబడదు.

అప్పుడు మళ్లీ కూర్చొని, మేము వద్దన్న ఫోన్ మీద మొదట కనబడిన పది చెడ్డ అభిప్రాయాలను నోటుబుక్కులో రాసుకున్నాను. నాలుగింటిలో పెట్టె నలిగి వచ్చిందనో, ఆలస్యంగా వచ్చిందనో ఉంది. రెండింటిలో ఛార్జర్ ఇవ్వలేదని ఉంది. ఇవ్వరని ఆ పేజీలోనే రాసి ఉంది! ఇద్దరు ఏమైందో చెప్పకుండా ఊరికే తిట్టినారు. ఒకరు గంటల తరబడి గేమ్ ఆడితే వేడెక్కిందన్నారు. ఇంకొకరు రాత్రిపూట ఫోటోలు బాగా రావన్నారు. పదిలో ఫోన్ గురించి చెప్పినవి రెండే. ఆ రెండూ మా నాయనకు అక్కర లేనివి. ఇక మేము కొన్న ఫోన్ మీద మూడు నక్షత్రాలు ఇచ్చిన ఒకరు "అంతా బాగుంది, శబ్దం మాత్రం తక్కువ" అని ముందే రాసి ఉన్నారు. మాకు కావలసిన మాట అదే. దాన్ని నేను చూడనే లేదు.

ఎందుకిలా జరుగుతుంది? పదిమంది ఈ దారి మంచిదన్నా, ఒక్కరు పాము కనబడిందంటే ఆగిపోతాం. మనసు మంచి కంటే చెడునే గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఫోన్ బాగా పనిచేస్తున్నవాళ్లలో చాలామంది కూర్చొని రాయరు. కడుపు మండినవాళ్లే రాస్తారు. డబ్బు తీసుకొని రాసే దొంగ అభిప్రాయాలు కూడా ఉంటాయి. అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో, అభిప్రాయాలను ఎలా సేకరించి ప్రచురించాలో చెబుతూ ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం తెచ్చింది. అయితే దాన్ని తప్పనిసరి చేయకుండా కంపెనీల ఇష్టానికే వదిలి తెచ్చారు. కాబట్టి జాగ్రత్త మనదే.

అలాగని చెడ్డ మాటలన్నిటినీ కొట్టిపారేయకూడదు. 2016 ఆగస్టులో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 వచ్చింది. బ్యాటరీలు కాలుతున్నాయని వేర్వేరు ఊళ్లలో కొన్నవాళ్లు చెప్పినారు. సెప్టెంబరులో కంపెనీ ఆ ఫోన్లను వెనక్కి పిలిచింది. మార్చి ఇచ్చినవి కూడా కాలడంతో అక్టోబరులో తయారీనే ఆపేసింది. విమానంలో ఆ ఫోన్ ఆన్ చేయకూడదని మన దేశంలో కూడా ఆంక్ష పెట్టారు. ఒకరికొకరు తెలియనివాళ్లు అందరూ ఒకే లోపం చెప్పినారు. ఆ లోపం బ్యాటరీలోనే ఉంది. అక్కడ చెడ్డ మాటే జనాన్ని కాపాడింది.

మెతుకు సామెత ఒకే కుండలో ఉడికిన అన్నానికి సరిపోతుంది. బ్యాటరీ లోపం ఆ కుండలోది. పెట్టె నలగడం, ఆలస్యం కావడం వేరే కుండలోవి. కాబట్టి చెడ్డ అభిప్రాయం చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఫోన్ గురించా, తెచ్చి ఇచ్చినవాళ్ల గురించా? ఇదే లోపాన్ని ఇంకెవరైనా చెప్పినారా? మనం చేసే పనికి ఇది అడ్డమా?

మా నాయన ఇప్పటికీ మార్కెట్టులో ఒక చెవి మూసుకొని ఫోన్ మాట్లాడతాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చదివి చెప్పమని నమ్మి అడిగినాడు. నేను సగమే చదివి చెప్పినాను.