పలక మీద తిరగబడిన ‘అమ్మ’

తమిళనాడులోని ఉడుమలైపేటలో మా మేనకోడలి బొమ్మను లినోలియం మీద చెక్కి అచ్చు తీశాను. తొమ్మిదేళ్ల పిల్ల. రెండు జడలు, ఒళ్లో పలక, పలక మీద ‘అమ్మ’ అన్న మాట. కాగితం ఎత్తి చూపిస్తే మురిసిపోయింది. ‘అచ్చం మన పాప మాదిరే ఉండాదే!’ అంది అవ్వ. పలక మీది మాట తిరగబడి పడిందని మాత్రం ఒక్కరికీ తెలియలేదు. తిరగేసి చెక్కడం మరిచిన తప్పు నాదే. కానీ నాయకరాజుల కాలం నుంచీ తెలుగు మాట్లాడుతున్న ఇంట్లో ఆ తప్పు పట్టే కళ్లు లేవని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లినోలియం మొదట నేల మీద పరిచే సరుకు. 1860లలో ఇంగ్లండులో పుట్టింది. గట్టిపడ్డ అవిసె నూనెను కార్కు పొడితో కలిపి గోనెపట్ట మీద పొరగా వేస్తారు. కొయ్యలో ఉన్నట్టు దీంట్లో నార ఉండదు కాబట్టి ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది. కాసేపు ఎండలో పెడితే ఇంకా మెత్తబడుతుంది. చెక్కినచోట తెలుపు, వదిలినచోట నలుపు. రోలరుతో సిరా పలచగా పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దితే అచ్చు దిగుతుంది. యంత్రం లేకపోయినా పని ఆగదు.

పిల్లల ముఖం చెక్కడమే కష్టం. పెద్దవాళ్లకు ముడతలుంటాయి, గీతకు ఆధారం దొరుకుతుంది. పసిబుగ్గ మీద ఒక్క గీత ఎక్కువైతే ముసలితనం వచ్చేస్తుంది. అందుకే బుగ్గలు రెండూ తెల్లగా తీసేసి, జడల నలుపుతోనే ముఖానికి గుండ్రదనం తెచ్చాను. కంటిలో మెరుపుకు ఒకే చుక్క. ఉలి మొన ఆనించి తీయాలి. కాస్త ఎక్కువ పోయిందా, ఆ చూపు మళ్లీ రాదు.

ఒక దిమ్మ నుంచి ఎన్నో ప్రతులు తీయొచ్చు, చవగ్గా పంచొచ్చు. వాచకానికీ ఉన్న గుణం ఇదే. రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీ పిల్లల కోసం రాసిన ‘సహజ్ పాఠ్’ 1930లో వచ్చింది. దానికి నందలాల్ బోస్ వేసినవి లినో బొమ్మలే. దండి నడకలో కర్ర పట్టుకున్న గాంధీని ఆయన చెక్కిందీ ఆ ఏడాదే. అంతటి చిత్రకారుడు అక్షరాల పుస్తకానికి కూడా ఉలి పట్టాడు. నా దృష్టిలో అది గాంధీ బొమ్మకు తక్కువ పని కాదు. మరో చిత్రకారుడు చిత్తప్రసాద్ బడికి దూరమైన పిల్లల్ని, బాలకార్మికుల్ని చెక్కాడు. ఆ బొమ్మల్ని 1969లో డెన్మార్క్ యూనిసెఫ్ కమిటీ పుస్తకంగా తెచ్చింది. పలక ఉండాల్సిన చేతుల్లో పని ఉండటం ఎలా ఉంటుందో ఆ నలుపు తెలుపుల్లో చూడాలి.

మా పిల్లకు ఆ కష్టం లేదు. బడికి పోతుంది, తమిళం ముత్యాల్లా రాస్తుంది. అది మాకు అన్నం పెట్టిన భాష. 2006 చట్టంతో తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి అయింది కూడా. ఇక తెలుగు దిద్దించాల్సింది ఇంట్లోనే.

అచ్చు తీసిన మర్నాడు దిమ్మలో పలక మేరకు కోసి తీసి కొత్త ముక్క అతికించాను. పాపను పక్కన కూర్చోబెట్టి, పలచటి కాగితం మీద ‘అమ్మ’ రాయించి, దాన్ని తిరగేసి గీతలు దించాను. ఈసారి అచ్చు ఎత్తింది తనే. మాట సరిగ్గా పడిందని చెప్పిందీ తనే.

ఉడుమలై, పొళ్లాచ్చి, దిండుగల్లు, మదురై, ఏ ఊరైనా కానీయండి. మన ఇళ్లల్లో తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఒక్కరున్నా, ఈ వారమే ఒక పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని పలక మీద ‘అ’ దిద్దించండి.