చేతుల వైపు చూస్తూ

ప్రళయం తర్వాత మనిషి ఏమవుతాడో ఊహించే సైన్స్ ఫిక్షన్ ఏది చదివినా నా చూపు మనుషుల చేతుల మీదే ఉంటుంది. ఈ అలవాటు కర్ట్ వానెగట్ వల్ల వచ్చింది. 1985లో వచ్చిన ఆయన నవల 'గలాపగోస్'లో ఒక రోగం సోకి లోకమంతటా ఆడవాళ్లకు కాన్పులు ఆగిపోతాయి. ఓ దీవిలో చిక్కుకుపోయిన కొద్దిమంది సంతానమే మిగులుతుంది. పది లక్షల ఏళ్లకు వాళ్లు ఒంటినిండా బొచ్చుతో, చేపలు తిని బతికే సీల్ లాంటి జీవులవుతారు. బాగా ఈదినవాడికి తిండి దొరికింది, వాడి పిల్లలే బతికారు. డార్విన్ చెప్పింది అదే కదా! తల చిన్నదైంది, చేతులు ఈతరెక్కలయ్యాయి. ఆ చేతులతో ఇక ముడి వేయలేరు. తుపాకీ కూడా పేల్చలేరు. ఈ రెండోది తట్టినప్పుడు పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

అంతకన్నా కలవరపెట్టింది జార్జ్ స్టీవర్ట్ 1949లో రాసిన 'ఎర్త్ అబైడ్స్'. ఇందులో ఒళ్లు మారదు. అంటువ్యాధి నుంచి బయటపడ్డ ఇష్ అనే చదువుకున్న యువకుడి ఒక్క జీవితకాలంలోనే అంతా జారిపోతుంది. కాలిఫోర్నియాలో యూనివర్సిటీ లైబ్రరీ చెక్కుచెదరకుండా ఉంటుంది, చదివేవాళ్లే ఉండరు. పిల్లలకు బడి పెడతాడు, సాగదు. అక్షరమంటే ఇష్టపడ్డ ఒక్క కొడుకు జోయి జ్వరంతో పోతాడు. చివరికి ఇష్ పుస్తకాల మీద ఆశ వదిలి, కర్ర చెక్కి పిల్లలకు విల్లు చేసిస్తాడు. ఆటగా మొదలైన ఆ విల్లుతోనే తర్వాతి తరాలు వేటాడతాయి. బాణాల ములుకుల కోసం పాత నాణేలు సాగగొడతాయి. శరీరం మారాలంటే వేల తరాలు పట్టొచ్చు, పని మరిచిపోవడానికి ఒక్క తరం చాలు.

అది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రాత్రి వంటయ్యాక పొయ్యిలో కణకణలాడే పిడక ముక్కను బూడిదలో కప్పెట్టేది. తెల్లారి బూడిద తొలగించి, కొబ్బరి పీచు పెట్టి ఊదేది. రెండు మూడు ఊదులకే మంట లేచేది. ఎంత బూడిద వేయాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు ప్రయత్నించాను. పొద్దునకి చల్లటి బూడిదే మిగిలింది. రెండో రాత్రి ఇంకాస్త మందంగా కప్పాను. తెల్లారి వేలు పెట్టి చూస్తే అడుగున వెచ్చగా తగిలింది. పీచు పెట్టి ఊదాను. పొగ వచ్చింది, అంటుకోలేదు.