ఒకే ఒరలో రెండు కత్తులు

శంషాబాద్ 09ఆర్ రన్‌వే కళ్లెదుట పరుచుకుని ఉంది. నేల ఇంకో 500 అడుగులు. కుడిచేతిలో నిన్నగాక మొన్న కొన్న స్టిక్, ఎడమచేతి కింద దాని జోడీ థ్రాటిల్, కాళ్ల కింద మాత్రం ఇరవై ఏళ్లనాటి సీహెచ్ ప్రో పెడల్స్. దిగగానే బ్రేకు వెయ్యాలి కదా అని సిమ్యులేటర్ పైలట్ కాలు కాస్త సర్దుకున్నాడు. పాదం ముందుభాగం పెడల్‌కు ఇలా తగిలిందో లేదో, విమానం ఒక్కసారిగా పక్కకు ఒరిగి తిరగబడింది. చేతిలో స్టిక్ చూస్తే నిటారుగానే ఉంది.

పాతవీ కొత్తవీ కలిపి ఎగిరేవాళ్లలో ఈ దెబ్బ తినని వాళ్లు అరుదు. చాలామంది అక్కడే తీర్పు చెప్పేస్తారు: పెడల్స్ పాతబడ్డాయి, పారెయ్యాలి అని. నిజానికి పెడల్స్‌కు ఏమీ కాలేదు. అవి కంప్యూటర్‌కు మూడు యాక్సిస్‌లు (కదలిక సూచనలు) పంపుతాయి: ఎడమ బ్రేకు, కుడి బ్రేకు, రడ్డర్. ఆ రెండు బ్రేకులకూ తయారీలోనే పెట్టిన పేర్లు ఎక్స్, వై. స్టిక్‌లో పక్కలకు ఒరగడానికీ, ముక్కు ఎత్తి దించడానికీ ఉన్న పేర్లూ అవే. ఎఫ్‌ఎస్‌ఎక్స్, డీసీఎస్ వరల్డ్ లాంటి సిమ్యులేటర్లు (సిమ్‌లు) కొత్తగా తగిలించిన పరికరాన్ని ఇంకో జాయ్‌స్టిక్ అనుకుని, దాని ఎక్స్, వైలకు ఆ పనులే అంటగడతాయి. పైగా బ్రేకు తొక్కనప్పుడు దాని సూచన మధ్యలో ఉండదు, ఒక కొసన ఉంటుంది. పెడల్ కాస్త కదలగానే ఆ కొసను సిమ్ స్టిక్ భాషలో చదివితే ‘పూర్తిగా పక్కకు వంచు’ అని అర్థం. విమానం తిరగబడక ఏం చేస్తుంది?

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్లు ఊరికే అనలేదు. అయినా ఇమిడ్చి చూపించిన నేర్పరులు ఉన్నారు. రెండు మూడు తరాల పరికరాలను ఒకే బల్ల మీద, ఒకదానితో ఒకటి తగువు పడకుండా నడిపించే ఈ విద్య గొప్ప హస్తకళలకు ఏమాత్రం తీసిపోదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 1981లో ఐబీఎం తన పీసీకి గేమ్ అడాప్టర్ ఇచ్చింది. నాలుగు యాక్సిస్‌లు, నాలుగు బటన్లు, 15 పిన్నుల ప్లగ్. దాన్నే గేమ్‌పోర్ట్ అంటారు. స్టిక్ కదిలితే లోపలి పొటెన్షియోమీటర్ నిరోధం మారుతుంది, ఆ మార్పును ఒక కెపాసిటర్ నిండే సమయంతో కంప్యూటర్ కొలుచుకుంటుంది. తర్వాత యూఎస్‌బీ వచ్చింది, విండోస్ విస్టాతో గేమ్‌పోర్ట్‌కు కాలం చెల్లింది. మంచి మంచి స్టిక్‌లు అటకెక్కింది అప్పుడే.

వాటిలో మకుటం లేని మహారాజు మైక్రోసాఫ్ట్ సైడ్‌విండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో. 1997 నాటిది. లోపల మోటార్లు ఉంటాయి. వేగం పెరిగితే స్టిక్ బిగుసుకుంటుంది, విమానం స్టాల్ అయితే వణుకుతుంది. పట్టు మీద చిన్న సెన్సర్ కూడా ఉంది, చెయ్యి తీస్తే మోటార్లు ఊరుకుంటాయి. స్ప్రింగుల మీద ఆధారపడిన నేటి స్టిక్ ఎంత ఖరీదైనదైనా ఆ స్పర్శ ముందు దిగదుడుపే. అలాంటివి మార్కెట్లోంచి ఎందుకు మాయమయ్యాయంటే పేటెంట్ గొడవలని చెప్పుకుంటారు. అలాంటి స్టిక్‌లు మళ్లీ తలెత్తడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ విద్యలో మొదటి పాఠం, పరికరం తగిలించగానే ఎగరకూడదు. సిమ్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ పరికరం వరుసలో సిమ్ తనంతట తాను కేటాయించినవన్నీ తుడిచేయాలి. ఆ తర్వాత ఒక్కో పనినీ చేత్తో అప్పగించాలి. రడ్డర్ పెడల్స్‌కు, ఒరుగు స్టిక్‌కు. ఒక పనికి ఇద్దరు యజమానులు ఉండకూడదు. పీట్ డౌసన్ రాసిన ఎఫ్‌ఎస్‌యూఐపీసీ అనే ప్రోగ్రామ్‌ను నమ్ముకున్నవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కంట్రోలర్లను మొత్తంగా ఆపేసి, పరికరాలన్నిటినీ ఎఫ్‌ఎస్‌యూఐపీసీ చేతే చదివిస్తారు. ఒక్క మనిషి మొదలుపెట్టిన ఆ ప్రోగ్రామ్ ఎన్ని ఇళ్లలో ఎన్ని కాక్‌పిట్లను నిలబెట్టిందో లెక్క కట్టడం కష్టం!

అసలైన నైపుణ్యం కనిపించేది దాచిపెట్టే పనిలో. పాత సిమ్‌లలో కొన్ని ఒకే జాయ్‌స్టిక్‌ను చూస్తాయి. విండోస్‌లోని డైరెక్ట్ ఇన్‌పుట్ కూడా ఒక పరికరానికి ఎనిమిది యాక్సిస్‌లు, 128 బటన్లు దాటనివ్వదు. అందుకని నేర్పరులు వీజాయ్ అనే ప్రోగ్రామ్‌తో లేని జాయ్‌స్టిక్ ఒకటి సృష్టిస్తారు. జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ అనే ప్రోగ్రామ్ పాత పెడల్స్‌నీ కొత్త స్టిక్‌నీ చదివి, ఆ సూచనలను ఈ మాయ జాయ్‌స్టిక్‌లో పోస్తుంది. రెండు బ్రేకులను కలిపి ఒకే రడ్డర్‌గా మలచమన్నా మలుస్తుంది. అయితే ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. సిమ్‌కు మాయ జాయ్‌స్టిక్ కనిపిస్తుంది, అసలువీ కనిపిస్తూనే ఉంటాయి. ఒక్క నొక్కు రెండు నొక్కులవుతుంది. ల్యాండింగ్ గేర్ దిగి, వెంటనే పైకి లేచిపోతుంది.

దీనికి విరుగుడు హిడ్‌హైడ్ అనే ప్రోగ్రామ్. దాంట్లో రెండు జాబితాలు ఉంటాయి: దాచాల్సిన పరికరాలు ఒకదాంట్లో, వాటిని చూడటానికి అనుమతి ఉన్న ప్రోగ్రాములు ఇంకోదాంట్లో. గ్రెమ్లిన్‌కు అనుమతి ఇవ్వాలి, సిమ్‌కు ఇవ్వకూడదు. ముందు గ్రెమ్లిన్ తెరవాలి, సిమ్ ఆ తర్వాతే. ఈ వరుస తప్పకుండా చేసి, తెర మీద యాక్సిస్‌ల గీతలు చేతికీ కాలికీ తగ్గట్టు విడివిడిగా కదులుతుంటే చూడాలి. వీణకు శ్రుతి కుదిరినప్పటి తృప్తి అది.

పాత పరికరానికి ఇంకో జబ్బు ఉంది, వణుకు. పొటెన్షియోమీటర్‌లోని కార్బన్ పట్టీ అరిగితే, ఎవరూ తాకకపోయినా సూచన అటూ ఇటూ గెంతుతుంటుంది. ఒకే పనికి రెండు థ్రాటిళ్లు కట్టి ఉంటే, సిమ్ ఆఖరున కదిలినదాని మాటే వింటుంది. గెంతే పాతది ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి, కొత్త థ్రాటిల్ ఎంత నెట్టినా ఇంజిన్ మాట వినదు. అనుభవజ్ఞులు ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పట్టీని శుభ్రం చేస్తారు, అప్పటికీ తగ్గకపోతే చిన్న కదలికలను సిమ్ పట్టించుకోకుండా డెడ్‌జోన్ పెడతారు. ఇంకా పట్టుదల ఉన్నవాళ్లు పట్టీనే తీసేసి, అరుగుదల లేని హాల్ సెన్సర్ అమరుస్తారు. థ్రస్ట్‌మాస్టర్ కూగర్ స్టిక్ కొన్నవాళ్లలో ఎందరో ఈ శస్త్రచికిత్స సొంతంగా చేసుకున్నారు. అదే కంపెనీ 2010లో తెచ్చిన వార్ట్‌హాగ్ పట్టును అదే కూగర్ అడుగుభాగం మీద బిగించి ఎగిరేవాళ్లూ ఉన్నారు. తర్వాతి తరం పట్టు వెనకటి తరం మొండెం మీద అలా అతికిపోవడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

కేబుళ్ల సంగతి చిన్నదే గానీ మరిచిపోతే కొంప ముంచుతుంది. పోర్టు మారిస్తే కొన్ని పరికరాలను విండోస్ కొత్తవిగా లెక్కేస్తుంది, సిమ్‌లో చేసిన కేటాయింపులన్నీ గల్లంతవుతాయి. ఏది ఎక్కడ పెట్టామో చీటీ అంటించుకోవాలి. సొంత కరెంటు ఉన్న హబ్ వాడాలి. యూఎస్‌బీని నిద్రపుచ్చే విండోస్ పొదుపు సెట్టింగును ఆపేయాలి.

ఇక కడుపు మండే విషయం. గేమ్‌పోర్ట్‌ను యూఎస్‌బీగా మార్చేస్తామంటూ పేరూ ఊరూ లేని అడాప్టర్లు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతున్నాయి. ప్లగ్ పడుతుంది కాబట్టి పని చేస్తుందని నమ్మిస్తారు. పైన చెప్పిన సైడ్‌విండర్ మాట్లాడేది సొంత డిజిటల్ భాష. మోటార్లకు ఆజ్ఞలు అదే ప్లగ్‌లోని మిడి తీగ మీదుగా వెళ్తాయి. సాధారణ అడాప్టర్‌కు ఈ రెండూ తెలియవు. కొన్న మనిషి స్టిక్కే చచ్చిపోయిందనుకుని దాన్ని తూకానికి వేసేస్తాడు. ఇది వస్తువు అమ్మడం కాదు, మంచి వస్తువును చంపడం. పేరున్న కంపెనీలూ తక్కువ తినలేదు. ఎవరి బ్రాండు పరికరాలను వాళ్ల ప్రోగ్రామే కలుపుతుంది, పక్కవాడిది కళ్లెదుటే ఉన్నా లేనట్టే చూస్తుంది. ఈ వాడకట్టు బుద్ధి కూడా పాత పరికరాల ఉసురు తీస్తోంది.

మేలైన దారి లేక కాదు. అడాప్ట్-ఎఫ్‌ఎఫ్‌బీ-జాయ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఆ సైడ్‌విండర్ భాషనూ, దాని మోటార్ల ఆజ్ఞలనూ యూఎస్‌బీలోకి తెస్తుంది. దానికి ఒక చిన్న ఏటీమెగా32యూ4 బోర్డు, కాస్త టంకం పని చాలు. మామూలు పొటెన్షియోమీటర్ స్టిక్‌లకైతే ఇంగ్లండ్‌లో లియో బోడ్నర్ తయారుచేసే బీయూ0836ఏ బోర్డు ఉంది. ఎనిమిది యాక్సిస్‌లు, 32 బటన్లు, 12 బిట్ల కొలత. ఇలాంటి పనిలో ఒకరి చేతి జాగ్రత్త కనిపిస్తుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల పాత కంప్యూటర్ సామాను తిరగేసేవాళ్లకూ, అటక సర్దుతున్నవాళ్లకూ ఒక్కటే మనవి. 15 పిన్నుల ప్లగ్‌తో ఉన్న స్టిక్ చేతికొస్తే బోర్లించి, అడుగున ఉన్న పేరు చదవండి. సైడ్‌విండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని ఉంటే తీగ కత్తిరించొద్దు. దాని పవర్ అడాప్టర్ విడిగా ఎక్కడో పడి ఉండొచ్చు, అది కూడా వెతికి తెచ్చుకోండి.