పటిక నీళ్లతో రాసే ఎరుపు

శ్రీకాళహస్తిలో కలంకారీ పని జరిగే ఇంట్లో అడుగుపెడితే ముందు తగిలేది వాసన. కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి ఆరేసిన గుడ్డ వాసన అది. ఓ మూల కుండలో తుప్పు ఇనుము, బెల్లం నానుతుంటాయి. అదే కసిమి. అది బాగా పులవడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

కలం అంటే మొన తేల్చిన వెదురుపుల్ల. పుల్ల నడుమ ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. వేళ్లతో ఆ ఉన్నిని నొక్కేకొద్దీ రంగు మొనకు జారుతుంది. చింతబరికల బొగ్గుతో వేసుకున్న గీతల మీద కసిమి నడుస్తుంది. కరక్కాయ వగరు, ఇనుము కలిసి నల్లబడతాయి. పాల జిడ్డు ఆ నలుపును పక్కకు పాకనివ్వదు.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఎరుపు. ఎరుపు రావాల్సిన చోట కలం ఎర్ర రంగు పెట్టదు, పటిక నీళ్లు రాస్తుంది. ఆ తర్వాత గుడ్డను పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లయితే ఒకచోటి పటిక ఇంకోచోట అంటుకుని, అక్కర్లేని చోట ఎరుపు మరకలు పడతాయి. ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున ఎందుకు పెరిగిందో ఇక్కడే అర్థమవుతుంది. జాడించిన గుడ్డను ఎర్ర రంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసి మరిగిస్తే, పటిక తగిలిన చోటే రంగు పట్టి నిలుస్తుంది.

జర్మనీలోని మైసెన్‌లో 1710లో మొదలైన పింగాణీ కార్ఖానా చిత్రకారులకు ఇలాంటి ఓపికే కావాలి. కోబాల్టుతో గీసినప్పుడు గీత బూడిదరంగులో ఉంటుంది, కొలిమిలో కాలాకే నీలం తేలుతుంది. ఆ పింగాణీ మీది ఒక రకం పూలకు వాళ్లు పెట్టిన పేరు ‘ఇండియన్ పూలు’. నిజానికి అవి చైనా, జపాన్ పాత్రల మీది పూలు. తూర్పు నుంచి ఏది వచ్చినా వాళ్లకు ఇండియాదే! మన రంగుల అద్దకాల మీద ఐరోపా వాళ్ల మోజు ఎంతంటే, సొంత నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది.

మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో చేత్తోనే రాస్తారు, రామాయణ భారతాలు గళ్లుగళ్లుగా, కింద తెలుగులో కథతో సహా. ఆదరణ తగ్గి ఈ పని అడుగంటిన కాలంలో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో 1950లలో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఈ ఊరి జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. ఇంత శ్రమ ఉన్న పని పేరు స్క్రీన్ ప్రింట్ చీరకు తగిలించి అమ్మడం తప్పని గట్టిగా చెప్పాలి.

కాళహస్తి బొమ్మల్లో రాముడు, కృష్ణుడు నీలం. ఆంజనేయుడు ఆకుపచ్చ. స్త్రీమూర్తులు, నగలు పసుపు. రాక్షసులు ఎరుపు. చదువు రాని భక్తుడు కూడా దూరం నుంచే ఎవరెవరో పోల్చుకుంటాడు. అయితే రంగులు వేసే వరుసలో ఎరుపు ముందు, పసుపు, నీలం తర్వాత. అందుకే యుద్ధఘట్టం రాసిన గుడ్డ మీద రావణుడికి ముందే ఒళ్లొస్తుంది. రాముడు నల్ల గీతలుగానే, విల్లెత్తి, నీలిమందు కోసం నిలబడి ఉంటాడు. పసుపు, నీలం రెండూ పడితే గాని ఆకుపచ్చ రాదు కనుక, ఆంజనేయుడు ఆయన పక్కనే, ఇంకా ఆలస్యంగా.